కిరాయి లేని నెలలో ఏ బండి గట్టెక్కిస్తుంది?

పెట్రోలు, సీఎన్‌జీ, డీజిలు, కరెంటు... చిన్న ట్రక్కు కొనబోయేవాళ్ల ముందు ఇప్పుడు నాలుగు దారులున్నాయి. కిలోమీటరుకు ఎంత అని మాత్రమే అడిగితే కరెంటు బండికి తిరుగులేదు. నెలాఖరున చేతిలో ఎంత మిగిలిందని అడిగితే మాత్రం జవాబు మారుతుంది.

2005లో టాటా ఏస్ కొనడానికి వెళ్లినవాళ్లకు పెద్దగా తేల్చుకోవాల్సిందేమీ ఉండేది కాదు. రెండు సిలిండర్ల బుల్లి డీజిల్ ఇంజను, ధర సుమారు రెండుంబావు లక్షలు. నచ్చితే అడ్వాన్సు కట్టడమే. ట్రాలీ ఆటోకు ఎక్కువై, లారీకి తక్కువయ్యే లోడు కోసం అప్పటిదాకా సరైన బండి లేదు. ఇరుకు బజార్లలో తిరగగలిగిన ఈ నాలుగు చక్రాల బండి ఆ లోటు తీర్చింది, ‘ఛోటా హాథీ’ అని పేరు కూడా తెచ్చుకుంది. వాటర్ క్యాన్లు, షామియానా సామాను, కూరగాయల బస్తాలు, ఇల్లు మారేవాళ్ల బీరువాలు, చవితి విగ్రహాలు అన్నీ దాని మీదే. వేల మంది డ్రైవర్లను ఓనర్లను చేసింది కూడా అదే.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి షోరూములో పరిస్థితి మారిపోయింది. 2025 జూన్‌లో టాటా తెచ్చిన ఏస్ ప్రో ఒకే బండి అయినా మూడు రకాలుగా దొరుకుతోంది. విడుదల నాటి ధరల్లో పెట్రోలుది రూ.3.99 లక్షలు, సీఎన్‌జీ-పెట్రోలు రెండింటితో నడిచేది రూ.4.99 లక్షలు, కరెంటుది రూ.6.50 లక్షలు. మహీంద్రా 2024 అక్టోబరులో జియో అనే కరెంటు ట్రక్కును రూ.7.52 లక్షల నుంచి అమ్మకానికి పెట్టింది. 2025 సెప్టెంబరులో ఆయిలర్ కంపెనీ టన్ను లోడు మోసే టర్బో ఈవీని రూ.5.99 లక్షలకే తెచ్చింది. సీఎన్‌జీలో మారుతీ సూపర్ క్యారీ ఎప్పటి నుంచో ఉంది. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక పొగ శుద్ధి సరంజామా ఖర్చు భరించలేక చిన్న డీజిల్ ఇంజన్లు వెనక్కి తగ్గాయి. అయినా డీజిలులో 2025 సెప్టెంబరులో ఏస్ గోల్డ్ ప్లస్ రూ.5.52 లక్షల ధరతో వచ్చింది.

ఇన్ని ఉన్నప్పుడు ఏది కొనాలి?

హైబ్రిడ్ సంగతేంటి?

కార్ల ప్రకటనలు చూసినవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇది. బ్రేకు వేసిన ప్రతిసారీ వృథా అయ్యే శక్తిని హైబ్రిడ్ బండి చిన్న బ్యాటరీలోకి మళ్లించుకుని, మళ్లీ కదిలేటప్పుడు వాడుకుంటుంది. ఆగుతూ సాగే సిటీ ట్రాఫిక్‌కు సరిగ్గా సరిపోయే పద్ధతి. అమెరికాలో ఫోర్డ్ 2021లో మావెరిక్ అనే చిన్న పికప్‌ను హైబ్రిడ్ ఇంజనుతోనే చవకగా తెచ్చి బాగా అమ్ముకుంది. మన దగ్గర ఈ తరగతి సరకు బండ్లలో హైబ్రిడ్ లేదు. ఇంజను, మోటారు రెండూ పెడితే పెరిగే ధరను నాలుగైదు లక్షల బండి మోయలేదు.

దాని స్థానంలో మనకున్నది రెండు ఇంధనాల బండి. ఏస్ ప్రోలోనూ, సూపర్ క్యారీ సీఎన్‌జీలోనూ గ్యాసు సిలిండరుతో పాటు 5 లీటర్ల పెట్రోలు ట్యాంకు ఉంటుంది. గ్యాసు అయిపోతే బంకు దాకా చేరడానికి అది భరోసా.

కిలోమీటరు లెక్క

ఊరిని బట్టి, లోడును బట్టి, డ్రైవరు కాలును బట్టి మైలేజీ మారుతుంది కాబట్టి కింది అంకెల్ని కొలబద్దగా మాత్రమే తీసుకోండి. లోడుతో ఊళ్లో తిరిగే పెట్రోలు బండి లీటరుకు 15 కి.మీ. ఇస్తుందనీ, పెట్రోలు రూ.108 అనీ అనుకుందాం. కిలోమీటరుకు రూ.7.20 పడుతుంది. సీఎన్‌జీ కిలోకు 20 కి.మీ., ధర రూ.96 వేసుకుంటే రూ.4.80. డీజిలు కూడా లీటరుకు 20 కి.మీ. ఇస్తే దాదాపు అక్కడికే వస్తుంది.

కరెంటు బండికి బ్రోచరు అంకెను నమ్మి లెక్క వేయకూడదు. ఏస్ ప్రో ఈవీలో ఉన్నది 14.4 యూనిట్ల బ్యాటరీ. ఒక్క చార్జింగుతో 155 కి.మీ. వెళ్తుందని కంపెనీ చెప్పేది పరీక్ష పరిస్థితుల్లో తేలిన దూరం. లోడు, ఎండ, ఫ్లైఓవర్లు, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకుండా తిరిగి రావాల్సిన అవసరం కలుపుకుంటే 100 కి.మీ. అనుకోవడం క్షేమం. చార్జింగులో పోయే నష్టాన్నీ కలిపి ప్లగ్గు దగ్గర యూనిట్‌కు 6 కి.మీ. వస్తుందనుకుందాం. యూనిట్ రూ.9 పడితే కిలోమీటరుకు రూపాయిన్నర. పెట్రోలు ఖర్చులో దాదాపు ఐదోవంతే. పైగా ఇంజను ఆయిలు, ఫిల్టర్లు, క్లచ్ ప్లేట్ల బెడద ఉండదు.

చాలామంది ఇక్కడితో లెక్క ఆపేసి కరెంటు బండికి ఓటేస్తారు. సేల్స్‌మన్ కూడా ఇక్కడే ఆపుతాడు.

కదలని బండికీ కిస్తీ కదులుతుంది

పెట్రోలు ఖర్చు బండి తిరిగితేనే వస్తుంది. కిరాయి దొరకలేదా, అడ్డాలో నిలబెడితే ఆ రోజుకు ఇంధనం ఖర్చు సున్నా. కిస్తీ అలా కాదు, బండి తిరిగినా తిరక్కపోయినా ఐదో తారీఖుకు ఖాతాలోంచి పోతుంది. కరెంటు బండి కొనడమంటే రేపటి ఇంధనం ఖర్చులో చాలా భాగాన్ని ఈ రోజే ధర రూపంలో కట్టేసి, దాన్ని అప్పుగా మార్చుకోవడమే. అప్పుకు మీకు కిరాయి దొరికిందో లేదో అక్కర్లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి పెట్రోలు, సీఎన్‌జీ, డీజిల్ సరకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కరెంటు బండ్ల మీద మునుపటిలాగే 5 శాతం. ఆ తగ్గింపంతా ధరలో దిగిందనుకుంటే ఏస్ ప్రో పెట్రోలు సుమారు రూ.3.68 లక్షలు, రెండు ఇంధనాలది రూ.4.60 లక్షలు అవుతాయి. కరెంటుది రూ.6.50 లక్షల దగ్గరే ఉంటుంది. అంటే పన్ను తగ్గాక కరెంటు బండికీ మిగతావాటికీ మధ్య ఎడం పెరిగింది.

ధరలో ఐదోవంతు చేతి నుంచి కట్టి, మిగతాది 11 శాతం వడ్డీకి నాలుగేళ్ల అప్పు తీసుకుంటే నెల కిస్తీ పెట్రోలు బండికి సుమారు రూ.7,600, సీఎన్‌జీకి రూ.9,500, కరెంటుకు రూ.13,400. ఇప్పుడు కిస్తీనీ ఇంధనాన్నీ కలిపి చూడండి.

నెలకు ఎంత తిరిగితే ఎంత ఖర్చు? (కిస్తీ + ఇంధనం)

బండి నిలబడిపోతే: పెట్రోలు రూ.7,600 | సీఎన్‌జీ రూ.9,500 | కరెంటు రూ.13,400
500 కి.మీ.: పెట్రోలు రూ.11,200 | సీఎన్‌జీ రూ.11,900 | కరెంటు రూ.14,150
1,000 కి.మీ.: పెట్రోలు రూ.14,800 | సీఎన్‌జీ రూ.14,300 | కరెంటు రూ.14,900
2,000 కి.మీ.: పెట్రోలు రూ.22,000 | సీఎన్‌జీ రూ.19,100 | కరెంటు రూ.16,400

నెలకు వెయ్యి కిలోమీటర్ల దగ్గర, అంటే 25 రోజులు రోజుకు 40 కి.మీ. చొప్పున తిరిగితే, మూడు బండ్లూ దాదాపు ఒకే ఖర్చుకు వచ్చి నిలబడ్డాయి. స్థూలంగా 800 కి.మీ. లోపు తిరిగేవాళ్లకు పెట్రోలు, 800 నుంచి 1,200 దాకా సీఎన్‌జీ, ఆ పైన కరెంటు గిట్టుబాటు. రోజుకు 80 కి.మీ. నికరంగా తిరిగే ఓనరుకు కరెంటు బండి సీఎన్‌జీ కంటే నెలకు రూ.2,700, పెట్రోలు కంటే రూ.5,600 మిగులుస్తుంది. అదే ఓనరుకు కిరాయిలు పడిపోయి 500 కి.మీ. మాత్రమే తిరిగిన నెలలో పెట్రోలు బండి కంటే దాదాపు రూ.3,000 అదనంగా లాగేస్తుంది.

కరెంటు బండ్లకు పాతబళ్ల బజారు ఇంకా నిలదొక్కుకోలేదు కాబట్టి కొందరు ఫైనాన్షియర్లు వడ్డీ పెంచుతారు. మూడు శాతం పెరిగితే కిస్తీ మీద నెలకు మరో రూ.770 పడుతుంది. కాబట్టి బండి ధరతో పాటు వడ్డీ ధర కూడా బేరమాడాలి.

కరెంటు బండి అసలు లాభం కిస్తీలు తీరిన తర్వాతే మొదలవుతుంది. జియో బ్యాటరీకి మహీంద్రా ఇస్తున్న వారంటీ ఏడేళ్లు లేదా 1.5 లక్షల కి.మీ. నెలకు 2,000 కి.మీ. చొప్పున నాలుగేళ్లలో 96,000 కి.మీ. తిరిగితే, అప్పు తీరేనాటికి ఇలాంటి వారంటీలో ఇంకా 54,000 కి.మీ. మిగిలి ఉంటాయి. ఆ దూరంలో సీఎన్‌జీతో పోలిస్తే ఇంధనం మీదే దాదాపు రూ.1.78 లక్షలు ఆదా. కిస్తీ తీరగానే బండి మార్చే అలవాటున్నవాళ్లకు ఆ సొమ్ము దక్కదు.

రాత్రి బండి ఎక్కడ పెడతారు?

పై లెక్క అంతా ఇంటి దగ్గర, గోదాము దగ్గర యూనిట్ రూ.9కి చార్జింగు దొరికినవాళ్లది. 14.4 యూనిట్ల బ్యాటరీ నిండడానికి 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే ఐదారు గంటలు చాలు. రాత్రి పెడితే తెల్లారి మార్కెట్టుకు సిద్ధం. బస్తీలో అద్దె గదిలో ఉంటూ బండిని రోడ్డు పక్కన నిలిపే డ్రైవరుకు ఆ ప్లగ్గు ఎక్కడిది? మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీయడం ప్రమాదం, ఇంటి ఓనరుతో తగువు కూడా.

బయట ఫాస్ట్ చార్జింగు మీదే ఆధారపడి యూనిట్‌కు రూ.18 కట్టాల్సి వస్తే కిలోమీటరు ఖర్చు మూడు రూపాయలకు చేరుతుంది. నెలకు 2,000 కి.మీ. తిరిగినా మొత్తం ఖర్చు రూ.19,400. సీఎన్‌జీ ఖర్చు కంటే అదే మూడొందలు ఎక్కువ. చార్జింగు దగ్గర కూర్చున్న గంట కిరాయి నష్టం దీనికి అదనం. సొంత ప్లగ్గు లేనివాళ్లకు కరెంటు బండి చవక అనే మాటే లేదు.

గ్యాసుకూ దాని తిప్పలున్నాయి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో భాగ్యనగర్ గ్యాస్ బంకులున్నాయి, మిగతా జిల్లాల్లోనూ వేర్వేరు కంపెనీలు తెరుస్తున్నాయి. కానీ బంకులన్నీ ఒకటి కావు. కొన్నిటికి నేరుగా పైపులైను ఉంటుంది. కొన్నిటికి గ్యాసు లారీల మీద సిలిండర్లలో వస్తుంది. రెండో రకం బంకులో సిలిండర్లు ఖాళీ అవుతున్న కొద్దీ ఒత్తిడి తగ్గి బండిలోకి సగమే ఎక్కుతుంది. బండి సిలిండరులో గ్యాసు 200 బార్ల ఒత్తిడి దగ్గర నిలుస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో అదే ఒత్తిడికి తక్కువ గ్యాసు పడుతుంది. అందుకే తెల్లవారుజామున బంకుల దగ్గర క్యూలు కడతారు. మీ దారిలో పైపులైను బంకు ఉందా, అక్కడ ఎంతసేపు నిలబడాలి అన్నది బండి కొనేముందే తెలుసుకోవాలి. సిలిండరుకు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించడం తప్పనిసరి. పాత బండి కొనేవాళ్లు ఆ తేదీ తప్పక చూడాలి.

లోడు ఎంత, ఎక్కడికి?

సిలిండరు బరువు లోడులోంచే పోతుంది. సూపర్ క్యారీ పెట్రోలు బండి 740 కిలోలు మోస్తే సీఎన్‌జీ బండికి అనుమతి 625 కిలోలే. ట్రిప్పుకు 115 కిలోల తేడా అంటే సిమెంటు, టైల్స్, బియ్యం తోలేవాళ్లకు రెండు బస్తాలకు పైమాటే. స్పాంజి పరుపులు, ప్లాస్టిక్ సామాను తోలేవాళ్లకు ఈ తేడా తెలియనే తెలియదు, వాళ్ల ట్రాలీ బరువుకు ముందే చోటుతో నిండిపోతుంది. ఏస్ ప్రోలో ఇంజను సత్తా కూడా పెట్రోలు మీద 30 హార్స్‌పవర్ ఉంటే గ్యాసు మీద 26కు తగ్గుతుంది.

కదిలే క్షణంలో కరెంటు మోటారు బలమే వేరు. ఏస్ ప్రో పెట్రోలు ఇంజను లాగుడు 55 న్యూటన్ మీటర్లు, కరెంటు మోటారుది 104. అదీ చక్రం తిరగడం మొదలైన మొదటి క్షణం నుంచే అందుతుంది. విశాఖలో కొండవాలు కాలనీలకు వాటర్ క్యాన్లు ఎక్కించేవాళ్లకూ, ట్రాఫిక్‌లో పదేపదే ఆగి కదిలేవాళ్లకూ అది ఎంతో సుఖం. దిగేటప్పుడు కొంత శక్తి బ్యాటరీలోకి తిరిగొస్తుంది.

హైవే సంగతి వేరు. మదనపల్లె టమాటా మార్కెట్టు నుంచి చెన్నైకి, కడియం నర్సరీల నుంచి హైదరాబాద్‌కు తోలేవాళ్లకు వంద కిలోమీటర్ల బ్యాటరీ కుదరదు. నిలకడగా వేగం పట్టి సాగే దారిలో డీజిలుకు ఇప్పటికీ చోటుంది. ఏస్ గోల్డ్ ప్లస్ 900 కిలోలు మోస్తుంది, పొగ శుద్ధికి విడిగా ద్రావణం పోయాల్సిన పని లేదు. టన్ను దాటిన లోడుతో రోజూ జిల్లాలు దాటేవాళ్లు ఈ తరగతినే వదిలి పెద్ద పికప్‌ల వైపు చూడటం మంచిది. చిన్న బండి మీద ఓవర్‌లోడ్ వేస్తే ఏ ఇంధనమైనా ఆదా ఉండదు, టైర్లు, కమాన్లే తినేస్తాయి.

షోరూములో చెప్పేవి, చెప్పనివి

‘కరెంటు బండికి పర్మిట్ అక్కర్లేదు సార్’ అంటారు. నిజమే, 2018లో కేంద్రం ఆ మినహాయింపు ఇచ్చింది. అయితే మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరకు బండికి ఏ ఇంధనమైనా పర్మిట్ అవసరం లేదు. చిన్న ట్రక్కులు చాలా వరకు ఆ లోపువే. ఇందులో కరెంటు బండికి దక్కే అదనపు లాభం ఏమీ లేదు.

రోడ్డు టాక్సు మినహాయింపు మాత్రం అసలైన లాభమే. తెలంగాణ 2024 నవంబరులో తెచ్చిన విధానం కరెంటు బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. తేలికపాటి సరకు బండ్లు కూడా ఇందులో ఉన్నాయి. 2026 డిసెంబరు 31 దాకా అని ఆ విధానంలో గడువు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు 2024-29 కాలానికి వేరే విధానం ఉంది. అక్కడివాళ్లు బుకింగుకు ముందే తమ బండి తరగతికి ఏం వర్తిస్తుందో రవాణా కార్యాలయంలో కనుక్కోవాలి.

కేంద్రం సబ్సిడీ కూడా ఉంటుందని ఆశపడేవాళ్లున్నారు. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకం కరెంటు ఆటోలకు, మూడున్నర టన్నులు దాటిన ట్రక్కులకు చేయూతనిచ్చింది. మధ్యలో ఉన్న చిన్న ట్రక్కులు ఆ పథకంలో లేవు. థర్డ్ పార్టీ బీమాలో మాత్రం 2022 నుంచి కరెంటు సరకు బండ్లకు 15 శాతం తగ్గింపు ఉంది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులు ఇంకో సంగతి చూసుకోవాలి. సరకు బండి మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు పెట్రోలు బండి మీద 18 శాతం, కరెంటు బండి మీద 5 శాతం తిరిగొస్తుంది కాబట్టి రెండిటి మధ్య ఎడం మూడు లక్షలు దాటుతుంది. తక్కువ పన్ను అన్న ఆకర్షణ వాళ్లకు పనిచేయదు. ఈ లెక్క ఆడిటరుకు ఒకసారి చూపించుకోవాలి.

పెద్ద కంపెనీలు ఎందుకు ముందు కొన్నాయి?

2022 మేలో టాటా ఏస్ ఈవీని చూపించిన రోజునే అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, బిగ్‌బాస్కెట్ వంటి సంస్థలతో కలిపి 39,000 బండ్లకు ఒప్పందాలు కుదిరాయి. పర్యావరణం మీద ప్రేమ అని ప్రకటనల్లో చెప్పుకున్నా, వాటి రోజు ఎలా ఉంటుందో చూస్తే అసలు కారణం తెలుస్తుంది. గోదాము నుంచి కాలనీలకు రోజూ అవే వీధులు, తిరిగే దూరం ముందే తెలుసు, రాత్రికి బండ్లన్నీ గోదాముకే వస్తాయి, అక్కడే చార్జింగు. వాటికి బండి నిలబడిపోయే రోజంటూ దాదాపు ఉండదు. కరెంటు బండి లెక్క గెలవడానికి కావాల్సినవన్నీ వాటి చేతిలో ఉన్నాయి.

సొంత బండి డ్రైవరుకు అలాంటి నికరం ఒప్పందం రూపంలోనే రావాలి. ఒప్పందానికీ ఆయుష్షు ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో ఇంటింటికీ రేషన్ కోసం 9,260 బండ్లు రోడ్డెక్కాయి. వాటిని నడిపినవాళ్లకు నెలనెలా నికరమైన రాబడి ఉండేది. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి ఆగి, రేషన్ మళ్లీ చౌకధరల దుకాణాలకు చేరింది. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. బండి కొనేవాళ్లు గ్రహించాల్సింది ఒకటే. కిస్తీ నాలుగేళ్లుంటే, కిరాయి ఒప్పందం ఎన్నాళ్లుందో చూసుకోవాలి. ఏడాది కాంట్రాక్టును నమ్ముకుని నాలుగేళ్ల అప్పుతో కరెంటు బండి తీసుకుంటే మిగతా మూడేళ్ల భారమంతా ఓనరు భుజాల మీదే పడుతుంది.

మరి ఎవరికి ఏది?

• పాల ప్యాకెట్లు, వాటర్ క్యాన్లు, కిరాణా డిస్ట్రిబ్యూషన్, ఆన్‌లైన్ పార్సిళ్లు: రోజుకు 50-90 కి.మీ., సొంత ప్లగ్గు ఉంటే కరెంటు బండి.
• కూరగాయల మార్కెట్టు నుంచి ఊరంతా తిప్పేవాళ్లు, పైపులైను బంకు దారిలోనే ఉన్నవాళ్లు: రెండు ఇంధనాల బండి.
• హార్డ్‌వేరు కొట్టు, టెంటు హౌసు సొంత సామాను కోసం అప్పుడప్పుడు తీసే బండి: పెట్రోలు.
• జిల్లాలు దాటే లోడు: డీజిలు, లేదా పెద్ద పికప్.

ఈ నాలుగింట్లో మీరెక్కడో తెలుసుకోవడానికి సేల్స్‌మన్ అక్కర్లేదు, నోటుబుక్కు చాలు. ఇప్పుడు నడిపే ఆటో అయినా, అద్దె బండి అయినా సరే, ఒక నెలపాటు రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరిగారో, ఎన్ని రోజులు అడ్డాలో ఖాళీగా ఉన్నారో, రాత్రి బండి ఎక్కడ పెట్టారో రాసుకోండి. రాయడానికి ముహూర్తాల నెల ఎంచుకోకండి. పెళ్లిళ్లు ఆగి టెంటు హౌసులు ఖాళీగా ఉండే ఆషాఢంలోనో మూఢంలోనో రాయండి. ఆ నెల రాబడితో కరెంటు బండి కిస్తీ కట్టగలమనిపిస్తే ధైర్యంగా తీసుకోండి, మిగతా పదకొండు నెలలూ అది మిగులుస్తూనే ఉంటుంది. కట్టలేమనిపిస్తే సీఎన్‌జీ బండో, పెట్రోలు బండో కొనడం వెనకబాటేమీ కాదు. చేతిలో ఉన్న కిరాయిలకు తగిన అప్పు చేయడమే తెలివైన బేరం.